రుఖ్ పక్షి నిజంగా ఉండేదా? ఎముకలు చూసేవాడి మాట

నా పని పాత పక్షుల ఎముకలు శుభ్రం చేసి, ఏది ఏ పక్షిదో తేల్చడం. ఆ మాట చెప్పడమే ఆలస్యం, ఎవరైనా సరే అడిగే ప్రశ్న ఒక్కటే: "అయితే ఏనుగుల్ని కాళ్ళతో ఎత్తుకెళ్ళే ఆ పక్షి ఉండేదా?" కొందరు గండభేరుండం అంటారు, సింద్‌బాద్ కథలు చదివినవాళ్ళు రుఖ్ అంటారు. చెప్పీ చెప్పీ విసుగొచ్చింది, రాసేస్తున్నా.

అపోహ: మడగాస్కర్‌లో దొరికే పెద్ద గుడ్లు రుఖ్‌వే

గుడ్లు నిజమే. పొడవు 30 సెంటీమీటర్లు దాటుతుంది, లోపల దాదాపు 150 కోడిగుడ్ల సొన పడుతుంది. ఆ దీవి దక్షిణ తీరంలో ఇసుకలో పెంకులు ఇప్పటికీ దొరుకుతుంటాయి. ఒక ముక్క చేతిలోకి తీసుకుంటే గుడ్డుది అనిపించదు, పగిలిన కుండపెంకేమో అనుకుంటాం, అంత మందం.

కానీ వాటిని పెట్టింది ఎప్పుడో అంతరించిపోయిన ఏనుగు పక్షి. 1851లో ఫ్రెంచ్ శాస్త్రజ్ఞుడు ఇసిడోర్ జెఫ్రాయ్ సెంట్-ఇలేర్ దీనికి ఎపియోర్నిస్ అని పేరు పెట్టాడు. ఎత్తు సుమారు 3 మీటర్లు, బరువు వందల కిలోలు. ఇది ఎగిరేదా అని నన్నడిగితే నేను చూసేది రొమ్ము ఎముకే. కోడి రొమ్ము ఎముక మధ్యలో పడవ అడుగులా పొడుచుకొచ్చిన పలక ఉంటుంది చూడండి, రెక్కలాడించే కండరాలు అతుక్కునేది దానికే. ఏనుగు పక్షికి ఆ పలకే లేదు, పళ్ళెంలా చదును. ఇక ఎగరడం మాట దేవుడెరుగు, రెక్కలు కూడా ఉన్నాయంటే ఉన్నాయి అన్నట్టుంటాయి. పైగా శాకాహారి. 2014లో డీఎన్ఏ పోల్చి చూస్తే దగ్గరి చుట్టం ఎవరని తేలిందో తెలుసా? న్యూజిలాండ్‌లోని బుల్లి కివీ!

అపోహ: మార్కో పోలో రుఖ్‌ను కళ్ళారా చూశాడు

చూడలేదు. ఆయన మడగాస్కర్ వెళ్ళనే లేదు, ఎవరో చెప్పింది రాశాడు. రెక్కలు చాపితే 30 అంగలు, ఒక్కో ఈక 12 అంగలు అన్నాడు, చైనా చక్రవర్తికి ఒక ఈక కానుకగా చేరిందనీ అన్నాడు. ఆయన యాత్రను ఇంగ్లీషులోకి తెచ్చిన హెన్రీ యూల్ ఆ ఈక రాఫియా తాటిజాతి చెట్టు మట్ట అయి ఉండొచ్చన్నాడు. నాకూ అదే సబబనిపిస్తుంది, ఆ మట్టలు 20 మీటర్ల దాకా పెరుగుతాయి మరి. మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా సంగతి ఇంకా తమాషా. చైనా వైపు సముద్రంలో ఒక కొండ కనిపించిందట, చూస్తుండగానే అది పైకి లేచి, దానికీ నీళ్ళకీ మధ్య వెలుతురు కనిపించేసరికి, రుఖ్ వచ్చేసిందని నావికులు గొల్లుమన్నారు. చదవగానే ఎండమావి అనిపించడం లేదూ?

అపోహ: పురాణాల్లోని పెద్ద పక్షులన్నీ ఒకటే

అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. పర్షియా కథల్లోని సీముర్గ్ పక్షి వేటాడే రకం కాదు, కొండ మీద వదిలేసిన పసివాడు జాల్‌ను పెంచి పెద్ద చేసిన తల్లి. ఏనుగును కాళ్ళతో ఎత్తుకెళ్ళడంలో మాత్రం రుఖ్‌కీ, గజకచ్ఛపాల్ని ఎత్తుకెళ్ళిన గరుత్మంతుడికీ పోలిక కొట్టొచ్చినట్టుంటుంది, ఆ కథ ఓడలెక్కి పడమటికి పోయిందనే పండితులూ ఉన్నారు.

అపోహ: డేగ మనిషిని ఎత్తుకుపోగలదు

2012లో మాంట్రియల్ పార్కులో డేగ పసివాణ్ణి ఎత్తుకున్న వీడియో గుర్తుందా? అది యానిమేషన్ విద్యార్థులు చేసిన గ్రాఫిక్స్. బంగారు డేగ బరువే ఆరేడు కిలోలు దాటదు, నేల మీంచి తన బరువంత ఎత్తడమే దానికి గగనం. పోనీ డేగనే పెద్దది చేద్దామంటే, పొడవు రెండింతలైతే రెక్కల వైశాల్యం నాలుగింతలే అవుతుంది, బరువు మాత్రం ఎనిమిదింతలు. లెక్క అక్కడే తేడా కొడుతుంది.

మరి మనుషులు చూసిన భారీ డేగ ఏదీ లేదా అంటే, ఉండేది. ఇప్పుడు అంతరించిపోయిన న్యూజిలాండ్ హాస్ట్ డేగ. 10 నుంచి 15 కిలోలు, రెక్కలు చాపితే దాదాపు 3 మీటర్లు. అక్కడి ఆదివాసులైన మావోరీలు దాన్ని చూశారు, వాళ్ళ కథల్లో పౌఆకై అనే మనుషుల్ని తినే పక్షి ఇదేనని చాలామంది అనుకుంటారు. ఇది దేన్నీ ఎత్తుకుపోలేదు, ఆ అవసరమూ లేదు. తనకన్నా పదింతలకు పైగా బరువుండే, ఎగరలేని మోవా పక్షి మీద పడి అక్కడికక్కడే చంపి తినేది. కొన్ని మోవాల తుంటి ఎముకల మీద గోళ్ళు దిగిన రంధ్రాలు ఇప్పటికీ ఉన్నాయి.