బెజవాడ ఎండ, బందరు ఉప్పెన: వాతావరణ పరిశీలకులపై అపోహలు – వాస్తవాలు

అపోహ: ఎండ 46 ఉంటే సెలవులు ఇవ్వాల్సి వస్తుందని 43 అని తగ్గించి చెబుతారు.

రోహిణి కార్తె వస్తే చాలు, మాలాంటి పరిశీలకులకు ఈ మాట తప్పదు. వాతావరణ శాఖ పట్టికలో విజయవాడ పేరుతో ఉండే స్టేషన్ గన్నవరంలో ఉంది, బెంజ్ సర్కిల్లో కాదు. అక్కడ థర్మామీటర్లు తెల్ల రంగు వేసిన చెక్కపెట్టెలో, నేలకు నాలుగడుగుల ఎత్తున ఉంటాయి. పెట్టె చుట్టూ వాలు రెక్కలు: గాలి ఆడాలి, ఎండ తగలకూడదు. తలుపు ఉత్తరం వైపే, తీసినప్పుడు కూడా ఎండ లోపల పడకుండా. మేం కొలిచేది నీడలోని గాలి వేడిని. ఎండలో ఆపిన కారు చూపించేది చాలావరకు దాని ఒంటి వేడే!

గరిష్ఠ ఉష్ణోగ్రత చూపే పాత థర్మామీటర్లో పాదరసం ఎక్కినచోటే ఆగిపోతుంది. చదివాక విదిలించి దింపాలి. మరిచిపోతే, మర్నాడు ఎండ తగ్గినా నిన్నటి అంకే కనబడుతుంది. పక్క స్టేషన్లతో పోల్చగానే అది దొరికిపోతుంది. ఇక కావాలని తగ్గించి రాస్తే దాగుతుందా?

అపోహ: శాటిలైట్లు రాకముందు ఇక్కడ వాతావరణ పరిశీలనే లేదు.

వాతావరణ శాఖ 1875లోనే పుట్టింది. అందుకు కారణాలుగా 1864 కలకత్తా తుపానును, 1866, 1871 కరువులను చెబుతారు. కలకత్తా మునిగిన నెల తిరక్కుండానే, నవంబరు 1న, బందరును ఉప్పెన ముంచి దాదాపు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ సంగతి మాత్రం మనవాళ్లకే సరిగా తెలియదు.

అపోహ: 1977 దివిసీమ ఉప్పెన ముందు ఎవరూ హెచ్చరించలేదు.

హెచ్చరికలు వెళ్లాయి. అవి తీరంలోని ఊళ్లను ఖాళీ చేయించలేకపోయాయి. దాదాపు పదివేల మంది పోయారు. 1990 మే 9న తుపాను మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. అప్పటికి తుపాను షెల్టర్లు వచ్చాయి, లక్షల మందిని ముందే తరలించారు. మృతులు వెయ్యిలోపే. నన్నడిగితే, ఇందులో మా అంచనాలకంటే జనాన్ని కదిలించినవాళ్లకే ఎక్కువ మార్కులు వేయాలి.

అపోహ: వాన లెక్కలో తేదీలు తప్పు వేస్తారు.

వాన కొలిచేది ఉదయం 8:30కి. అంతకుముందు 24 గంటల వాన ఆ రోజు తేదీ కింద పడుతుంది. అందుకే 2024 ఆగస్టు 31, శనివారం పగలంతా కురిసిన వాన మా పుస్తకంలో సెప్టెంబరు 1 కింద కనబడుతుంది.