గార్డెన్ ట్రాక్టర్ బ్లేడుకి యాంగిల్ సిలిండర్: అపోహలు - వాస్తవాలు

అక్టోబర్ దాటగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. అమెరికాలో మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ వైపు ఊరి బయట ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు డ్రైవ్‌వే పొడుగ్గా ఉందని పాత గార్డెన్ ట్రాక్టర్ ఒకటి, దాని ముందు మంచు తోసే బ్లేడు ఒకటి కొంటారు. మొదటి మంచు పడ్డ రోజే అసలు సంగతి తెలుస్తుంది. బ్లేడు కుడికో ఎడమకో తిప్పాలంటే ప్రతిసారీ సీటు దిగాలి, గడ్డకట్టిన పిన్ను లాగాలి, బూటుతో తన్నాలి, మళ్లీ ఎక్కాలి. మూడోసారి దిగినప్పుడు "అన్నా, దీనికో సిలిండర్ పెట్టేద్దామా?" అని ఫోన్. అంటే నూనె ఒత్తిడితో రాడ్‌ని తోసి, లాగి, సీటు దిగకుండానే బ్లేడుని పక్కకి తిప్పే హైడ్రాలిక్ సిలిండర్.

పెట్టొచ్చు. నేను విజయవాడ ఆటోనగర్‌లో టిప్పర్ జాకీలకు సీల్ కిట్లు మారుస్తూ పని నేర్చుకున్నాను, ఇక్కడికొచ్చాక కూడా వ్యవసాయ యంత్రాల రిపేరు షాపులో హైడ్రాలిక్సే నా తిండి. ఈ పని కష్టమేమీ కాదు. కానీ వీడియోలు చూసి నాలుగు మాటలు పట్టుకుని వస్తారు చూడండి, వాటితోనే తంటా.

అపోహ: సిలిండర్ ఎంత లావైతే అంత మంచిది.

ముందు మీ బండి ప్రెషర్ ఎంతో మాన్యువల్‌లో చూడండి. హైడ్రోస్టాటిక్ (గేర్లు మార్చక్కర్లేకుండా నూనెతో నడిచే) గార్డెన్ ట్రాక్టర్లు చాలావాటిలో లిఫ్టుకి, అంటే బ్లేడు ఎత్తడానికి, వచ్చే నూనె ట్రాన్స్‌మిషన్‌కి నూనె అందించే చార్జ్ పంపు నుంచే వస్తుంది, ప్రెషర్ 500 నుంచి 1000 పిఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) మధ్యే. పాత కేస్, ఇంగర్సాల్ బండ్ల కథ వేరు. వాటిలో చక్రాలు తిప్పేది కూడా గేర్ పంపూ హైడ్రాలిక్ మోటారే కాబట్టి ప్రెషర్ బాగా ఎక్కువ ఉంటుంది. 700 పిఎస్ఐ అనుకుని లెక్క వేద్దాం. ఒకటిన్నర అంగుళాల బోర్ (లోపలి వ్యాసం) సిలిండర్ దాదాపు 1,240 పౌండ్ల బలంతో తోస్తుంది, రెండంగుళాలది 2,200 పౌండ్లతో. అదే రెండంగుళాల సిలిండర్ రాడ్ లోపలికి లాక్కునేటప్పుడు మాత్రం, రాడ్ మందం ఒకటింబావు అంగుళానికి కాస్త తక్కువ, అంటే 1.125 ఉందనుకుంటే, 1,500 పౌండ్లే. రాడ్ ఉన్న మేర నూనెకి ఆనే చోటు తగ్గిపోతుంది మరి. అందుకే ఒకవైపు చటుక్కున తిరిగి రెండోవైపు నెమ్మదిగా తిరుగుతుంటే కంగారు పడొద్దు, పంపు చెడిపోలేదు. తక్కువ ప్రెషర్ బండికి రెండంగుళాలు సరిపోతుంది. మూడంగుళాలది బిగిస్తే బ్లేడు ముసలి ఎద్దులా కదులుతుంది.

అపోహ: పిన్నులు కుదిరితే ఏ సిలిండర్ అయినా పట్టేస్తుంది.

ఈ మాట నమ్మినవాళ్లు రెండుసార్లు వెల్డింగ్ చేస్తారు. కొలవాల్సింది బ్లేడు తిరిగే పివట్ పిన్ను మధ్య నుంచి సిలిండర్ చెవి (సిలిండర్ కొస బిగించే పట్టీ) బోల్టు మధ్యకి ఎంత దూరం అని. ఆ దూరం 8 అంగుళాలు ఉంటే, అటు 30 డిగ్రీలు ఇటు 30 డిగ్రీలు తిరగడానికి దాదాపు 8 అంగుళాల స్ట్రోక్, అంటే రాడ్ బయటికి వచ్చే పొడవు, కావాలి. దూరం పెంచితే బలం పెరుగుతుంది, స్ట్రోక్ కూడా ఎక్కువ కావాలి. ఇక మూసినప్పటి పొడవు. పొలం పనిముట్ల కోసం ఇక్కడ తేలిగ్గా దొరికే 8 అంగుళాల స్ట్రోక్ స్టాండర్డ్ సిలిండర్ మూసినా పిన్ను నుంచి పిన్నుకి 20¼ అంగుళాలు. బ్లేడు తిన్నగా ఉన్నప్పుడు సగం స్ట్రోక్ బయట ఉండాలి కాబట్టి 24¼. మీ బ్లేడు ఫ్రేములో అంత చోటు ఉందో లేదో టేపు పెట్టి చూడండి, చాలావాటిలో ఉండదు. అప్పుడు పొట్టిగా ఉండే వెల్డెడ్ రకం కొనాలి.

ఇంకా తిప్పుదామన్నా అని కొందరు అడుగుతారు. 54 అంగుళాల బ్లేడుని 30 డిగ్రీలు తిప్పితే అది ఊడ్చే వెడల్పు 47 అంగుళాలకు పడిపోతుంది. అంతకంటే తిప్పితే మీ వెనక చక్రాలే మంచు తొక్కుకుంటూ పోతాయి.

అపోహ: ట్రాక్టర్లో రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ మితిమీరితే నూనె వదిలేది) ఉంది కదా, గుద్దుకున్నా ఏం కాదు.

ఈ ముక్క నేనూ నమ్మాను, సిగ్గు లేకుండా చెప్తున్నాను. పన్నెండేళ్ల కిందట, నా సొంత జాన్ డీర్ 318 మీద. 1983 నుంచి 1992 దాకా వచ్చిన మోడల్ అది, ఇప్పటికీ నా దగ్గరే ఉంది. సిలిండర్ నేనే బిగించాను, చేతికి దొరికిందని ఒకటిన్నర అంగుళాలది, రాడ్ అంగుళం. బ్లేడు ఎడమకి తిప్పి మంచి ఊపులో వస్తున్నాను. మంచు కింద కర్బ్ రాయి కనపడలేదు. బ్లేడు కుడి కొస దానికి తగిలింది. టప్ మని ఒక్క చప్పుడు, స్టీరింగ్ చేతుల్లోంచి జారింది, చూస్తే హోస్ పైపు క్రింప్ (ఫిట్టింగ్‌ని నొక్కి బిగించిన చోటు) దగ్గర ఊడి తెల్లటి మంచు మీద నూనె చారలు. ఏప్రిల్‌లో మంచు కరిగాక అక్కడ గడ్డి కూడా మొలవలేదు, మా ఆవిడ ఆ మచ్చ చూపించి రెండేళ్లు దెప్పింది.

ఏం జరిగిందంటే, లివర్ వదిలేసినప్పుడు వాల్వ్ స్పూల్ (లోపల జరిగే కడ్డీ) మధ్యకి వచ్చి సిలిండర్ రెండు పోర్టులనీ, అంటే నూనె వచ్చిపోయే దారులనీ, మూసేస్తుంది. సిలిండర్లో ఉన్న నూనె అక్కడే బందీ. ట్రాక్టర్ రిలీఫ్ వాల్వ్ ఉండేది పంపు వైపు, మూసిన తలుపుకి అవతల. ఇవతల ఎంత ప్రెషర్ పెరిగినా దానికి తెలియనే తెలియదు. 54 అంగుళాల బ్లేడు కొస పివట్‌కి 27 అంగుళాల దూరంలో ఉంది, సిలిండర్ చెవి 8 అంగుళాల దూరంలో. అంటే కొస మీద పడిన దెబ్బ సిలిండర్ దగ్గరికి వచ్చేసరికి మూడు రెట్లు దాటుతుంది. కొసకి 800 పౌండ్లు తగిలితే సిలిండర్‌కి 2,700. నా సన్న సిలిండర్‌లో రాడ్ వైపు చదరపు అంగుళం కూడా లేదు, లెక్క 2,700 పిఎస్ఐ దాటిపోయింది. బ్లేడు కింద ఉండే ట్రిప్ స్ప్రింగులు కాపాడతాయనుకోకండి, అవి బ్లేడు ముందుకి వాలడానికే, పక్కకి తిరగడానికి కాదు.

మందు ఏమిటంటే సిలిండర్‌కీ వాల్వ్‌కీ మధ్య ఇంకో రిలీఫ్. ఇక్కడే ఇంకో చిన్న మోసం ఉంది. క్రాస్ఓవర్ రిలీఫ్ అని అమ్మేది ఒక వైపు నూనెని రెండో వైపుకి వదులుతుంది. పికప్ బండ్ల ప్లోల మీద అటొకటి ఇటొకటి రెండు సిలిండర్లు ఉంటాయి, ఒకటి ముడుచుకుంటే ఇంకోటి సాగుతుంది, లెక్క సరిపోతుంది. మనం పెట్టేది ఒకే సిలిండర్. రెండంగుళాల బోర్, 8 అంగుళాల స్ట్రోక్‌కి వెనక వైపు 25 ఘనపు అంగుళాల నూనె పడితే, రాడ్ వైపు పట్టేది 17. రాడ్‌ని బలంగా లోపలికి నెడితే ఆ మిగిలిన 8 ఎక్కడికి పోతుంది? పోదు. రిలీఫ్ తెరుచుకున్నా సిలిండర్ బిగుసుకుపోతుంది. కాబట్టి ఒకే సిలిండర్ పెట్టేవాళ్లు రెండు పోర్టులకీ విడివిడిగా ట్యాంకుకి వదిలే రిలీఫ్ ఉన్న వాల్వ్ సెక్షన్ తీసుకోండి, ఖాళీ ఏర్పడితే నూనె లాక్కునే యాంటీ కావిటేషన్ చెక్ ఉన్నదైతే ఇంకా మంచిది. లేదా రెండు సిలిండర్లు పెట్టుకోండి. డబ్బు ఖర్చే, హోసూ రాడూ మళ్లీ కొనడం కంటే తక్కువ.

అపోహ: ఒకటే లివర్ ఉంటే టీ (మూడు దారుల ఫిట్టింగ్) కొట్టి లిఫ్టు, యాంగిల్ రెండు సిలిండర్లకీ కలిపేయొచ్చు.

కలపండి, బ్లేడు పైకి లేపినప్పుడల్లా పక్కకి కూడా తిరుగుతుంది. నూనె ఎటు సులువైతే అటు పోతుంది, దానికి మీ మనసులో మాట తెలియదు. ఒకే స్పూల్ ఉంటే రెండు దారులు. ఆరు పోర్టుల 12 వోల్టుల డైవర్టర్ వాల్వ్ పెట్టి లివర్ మీద బటన్ బిగించుకోవచ్చు: మామూలుగా లిఫ్టు, బటన్ నొక్కితే యాంగిల్. లేదా రెండో వాల్వ్ కలపొచ్చు, కానీ మొదటి వాల్వ్‌కి పవర్ బియాండ్ పోర్టు (ప్రెషర్ నూనెని తర్వాతి వాల్వ్‌కి పంపే దారి) ఉంటేనే. అది లేకుండా ట్యాంకుకి పోయే దారిలో రెండో వాల్వ్ ఇరికిస్తే, ప్రెషర్ తట్టుకోవడానికి చేయని చోట ప్రెషర్ నిలబడుతుంది. సీలు పోతే అదృష్టం, బాడీ పగిలితే కొత్త వాల్వే.

అపోహ: దారం దారంలో పడితే ఫిట్టింగ్ సరిపోయినట్టే.

ఫిట్టింగ్ రకాల్లో మన దగ్గర అలవాటు బిఎస్‌పి, ఇక్కడ ఎన్‌పిటి, జెఐసి, ఓ-రింగ్ బాస్. అర అంగుళం బిఎస్‌పికీ ఎన్‌పిటికీ అంగుళానికి 14 దారాలే, ఎక్కేస్తుంది కూడా, కానీ ఒకదాని కోణం 55 డిగ్రీలు, రెండోదానిది 60. కాబట్టి కారడం ఖాయం. పావు అంగుళంలో బిఎస్‌పికి 19 దారాలు, ఎన్‌పిటికి 18, రెండు చుట్లకే పట్టేస్తుంది. నేను కొత్తలో ఆటోనగర్ అలవాటుతో రెంచీకి పైపు తొడిగి మరీ తిప్పి ఒక పోర్టు పాడుచేశాను. ఇక టెఫ్లాన్ టేపు జెఐసికీ ఓ-రింగ్‌కీ అసలు అక్కర్లేదు, దాని పీలికలు వాల్వ్‌లో ఇరుక్కుంటాయి.

అపోహ: పాత సిలిండర్ తుడిచి పెట్టేస్తే చాలు.

ఈ బండ్లలో చాలావాటికి లిఫ్టు నూనె, ట్రాన్స్‌మిషన్ నూనె ఒకటే. స్క్రాప్ యార్డులో పోర్టులు తెరిచి పడున్న సిలిండర్ లోపలి తుప్పు నేరుగా హైడ్రోస్టాట్‌లోకి పోతుంది. విప్పండి, కడగండి, సీల్ కిట్ మార్చండి. సిలిండర్ బాడీ మీద మాత్రం వెల్డింగ్ పెట్టకండి, లోపల నూనె ఆవిరి ఉంటే పేలుతుంది. చెవులు ఫ్రేముకి వెల్డ్ చేసేటప్పుడు కూడా రాడ్‌కి తడిగుడ్డ చుట్టండి, క్రోమ్ మీద ఒక్క నిప్పురవ్వ పడ్డా ఆ గరుకు సీలుని కోసేస్తుంది.

అపోహ: యాంగిల్ లివర్‌కి కూడా ఫ్లోట్ కావాలి.

వద్దు. ఫ్లోట్ అంటే సిలిండర్‌ని పట్టి ఉంచకుండా వదులుగా వదిలేయడం. అది లిఫ్టుకే, బ్లేడు నేల ఎత్తుపల్లాల వెంట పోవడానికి. యాంగిల్‌కి పెడితే బ్లేడు గాలికి తలుపులా కొట్టుకుంటుంది.

అపోహ: హైడ్రాలిక్ పెడితే బండి ఎక్కువ మంచు తోస్తుంది.

తోసేది చక్రాలు. గొలుసులు కట్టండి, వెనక బరువు వేయండి.

అపోహ: లీకు ఎక్కడుందో వేలితో తడిమితే తెలుస్తుంది.

దీని మీద మాత్రం జోకులు లేవు. సూదిమొన అంత కంతలోంచి వచ్చే నూనె చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చీమ కుట్టినంతే కనపడుతుంది, లోపల కండరం కుళ్లిపోతుంది. అలా జరిగిందని అనుమానం వచ్చినా సరే నొప్పి లేదని ఇంట్లో కూర్చోకుండా ఎమర్జెన్సీకి వెళ్లి, నూనె ప్రెషర్‌తో ఎక్కిందని మొదటి మాటగా చెప్పాలి. తడమడానికి అట్టముక్క వాడండి. ఫిట్టింగ్ విప్పేముందు బ్లేడు నేలకి దించి, ఇంజిన్ ఆపి, రెండు లివర్లూ అటూ ఇటూ ఆడించండి. పైపులు బిగించాక బ్లేడు పైకెత్తి ఒకసారి, దించి ఒకసారి, ఆ కొస నుంచి ఈ కొసకి తిప్పుతూ హోసు ఎక్కడ గుంజుతోందో, ఎక్కడ నలుగుతోందో చూడండి. నాది ముందు ఇరుసు దగ్గర నలిగేది, పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టాను, ఇప్పటికీ అదే ఉంది.