తాళం చెవి తీసినా నిద్రపోని కార్లు: అపోహలు - వాస్తవాలు

పొద్దున ఏడున్నరకు ఫోన్ మోగిందంటే సగం సార్లు ఒకటే మాట. "అన్నా, సెల్ఫ్ కొట్టట్లేదు, టిక్ టిక్ అంటోంది. రాత్రి అన్నీ బంద్ చేసే దిగిన." ఆయన అబద్ధం చెప్పట్లేదు, చేతికి అందేవన్నీ బంద్ చేశాడు. చేతికి అందనిది ఏదో రాత్రంతా నడిచి బ్యాటరీని తాగేసింది. ఉప్పల్ వైపు చిన్న షెడ్డులో 18 ఏళ్లుగా కార్ల వైరింగ్ పనే చేస్తున్నాను. ఈ జబ్బు గురించి కస్టమర్లు నమ్మేవి, మా తోటి మెకానిక్‌లు నమ్మేవి కొన్ని కలిపి రాస్తున్నాను.

అపోహ: తాళం చెవి తీస్తే కరెంటు మొత్తం ఆగిపోతుంది.

తాళం ఆపేది కొన్ని లైన్లనే. హజార్డ్ లైట్లు, సెంట్రల్ లాక్, అలారం, గడియారం, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) మెమరీ, చాలా కార్లలో బ్రేక్ లైట్లు కూడా, వీటికి బ్యాటరీ నుంచి నేరుగా లైను ఉంటుంది. పైగా ఇప్పటి కార్లు లాక్ చేయగానే పడుకోవు. లోపలి కంప్యూటర్ డబ్బాలు పది నిమిషాల్లో నిద్రపోయే బండ్లు ఉన్నాయి, నలభై నిమిషాలు తీసుకునేవీ ఉన్నాయి. పడుకున్నాక కూడా మామూలుగా 20 నుంచి 50 మిల్లీఆంప్స్ లాగుతూనే ఉంటాయి. 50 అనుకున్నా రోజుకు పోయేది 1.2 ఆంపియర్ అవర్లు, అంటే చిన్న కారులో 35 ఆంపియర్ అవర్ల (ఏహెచ్) బ్యాటరీ ఆరోగ్యంగా ఉంటే సంక్రాంతికి పది రోజులు ఊరెళ్లి వచ్చినా బండి స్టార్ట్ కావాలి. రెండు రాత్రులకే పడిపోతోందంటే లోపల కరెంటు దొంగ ఉన్నట్టే.

ఇంజన్ ఆపాక రేడియేటర్ ఫ్యాన్ కొన్ని నిమిషాలు తిరగడం, కాసేపటికి బానెట్ కింద రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) టక్కుమనడం, అలారం ఎర్ర చుక్క మిణుకుమనడం చాలా బండ్లలో మామూలే. టెన్షన్ వద్దు.

అపోహ: కొత్త బ్యాటరీ వేస్తే సరిపోతుంది.

నాచారం నుంచి ఒకాయన వచ్చారు, 14 నెలల్లో అది మూడో బ్యాటరీ. బ్యాటరీని నింపే డైనమో చెక్ చేయించారు, బాగుందన్నారు. నేను కూడా కరెంటు కొలిచే మీటర్ తీసి గంటసేపు కూర్చునేవాణ్నే, కానీ వాళ్ల అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఎప్పుడో అన్న మాట ఆయనకు గుర్తొచ్చింది: "సార్, మీ బండి ఎనక గోడ రాత్రంతా ఎర్రగ ఉంటది." సెల్లార్‌లో అందరూ రివర్స్ పెట్టి వెనక భాగం గోడకు ఆనించి ఆపుతారు కదా, ఇక బ్రేక్ లైటు వెలుగుతోందని ఎవరికి కనిపిస్తుంది?

పెడల్ దగ్గర వంగి టార్చ్ వేసి చూస్తే, డ్రైవర్ మ్యాట్ మీద పగిలిన ప్లాస్టిక్ ముక్కలు, మరమరాల పొట్టులా. బ్రేక్ పెడల్ పైకి లేచినప్పుడు స్విచ్ పిన్నును నొక్కి ఉంచడానికి చొక్కా గుండీ అంత ప్లాస్టిక్ బిళ్ల ఒకటి ఉంటుంది. ఏళ్ల తరబడి ఎండకు ఎండి అది పొడైపోతే పిన్ను ఆ రంధ్రంలోంచి బయటికి వచ్చేస్తుంది, పెడల్ తొక్కకపోయినా తొక్కినట్టే లెక్క. 21 వాట్ల బల్బులు రెండు అంటే మూడున్నర ఆంప్స్, 35 ఏహెచ్ బ్యాటరీ పది గంటల్లో ఖాళీ. ఆ బిళ్ల ధర మీరు షెడ్డు దాకా రావడానికి అయ్యే పెట్రోలు కన్నా తక్కువ. మూడు బ్యాటరీల డబ్బు మాత్రం తిరిగి రాదు.

అపోహ: టెర్మినల్ తాకిస్తే మెరుపు వచ్చింది, కాబట్టి షార్ట్ ఉంది.

ఇది మా వాళ్ల అపోహ. పాత అంబాసిడర్ రోజుల్లో పనికొచ్చిన పరీక్ష. ఇప్పటి బండికి టెర్మినల్ తీసి మళ్లీ పెడితే ఈసీయూలోని కెపాసిటర్లు నిండుతాయి, డబ్బాలన్నీ ఒక్కసారి మేలుకుంటాయి, ఆ మాత్రం మెరుపు కొత్త బండికి కూడా వస్తుంది. అది చూపించి వైరింగ్ కిట్ మొత్తం మార్చాలని ఎవరైనా అంటే బండి తీసుకుని వచ్చేయండి.

అపోహ: ఫ్యూజ్ పోలేదు కదా, ఆ లైనులో తప్పేం ఉండదు.

10 ఆంప్స్ ఫ్యూజ్ ఒక ఆంప్ దొంగతనాన్ని పట్టించుకోదు. అంతే.

అపోహ: ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకుతూ పోతే దొరికిపోతుంది.

నేనూ ఇలాగే నేర్చుకున్నాను, ఇలాగే చాలా రోజులు వృథా చేసుకున్నాను. ఫ్యూజ్ పీకి మళ్లీ పెట్టిన ప్రతిసారీ పడుకున్న డబ్బా ఒకటి లేచి కూర్చుంటుంది, మీటర్ రీడింగ్ పైకి పోతుంది, దొంగ ఇదే అనుకుని మనం తప్పు లైను వెంట పడతాం.

ఇప్పుడు నేను చేసేది వేరు. బానెట్ తెరిచి, డ్రైవర్ డోర్ తెరిచి, డోర్ లాచ్‌ను స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితికి తిప్పుతాను, బండి డోర్ పడిందనుకుంటుంది (తర్వాత హ్యాండిల్ లాగి లాచ్ వదిలించాకే డోర్ వేయాలి, మరిచి బాదితే లాచ్ పోతుంది, ఒకసారి పోయింది కూడా). తాళం చెవి దూరంగా బల్ల మీద పెట్టేస్తాను. తర్వాత ఒక ఇరానీ చాయ్, ఇంకో అరగంట. అప్పుడు ఫ్యూజు పీకకుండానే దాని నెత్తి మీద కనిపించే రెండు లోహపు చుక్కల మీద మీటర్ ముళ్లు ఆనించి మిల్లీవోల్ట్స్ చూస్తాను. నిద్రపోయిన లైను మీద సున్నా దగ్గర్లో ఉంటుంది. 10 ఆంప్స్ మినీ ఫ్యూజ్ మీద 1 మిల్లీవోల్ట్ కనబడితే సుమారు 130 మిల్లీఆంప్స్ పోతున్నట్టు లెక్క, ఫ్యూజ్ సైజును బట్టి లెక్క మారుతుంది. మీటర్‌ను బ్యాటరీ లైనులో సిరీస్‌గా (కరెంటంతా మీటర్ గుండా పోయేలా) పెట్టినప్పుడు మాత్రం సెల్ఫ్ కొట్టకండి, డోర్లు తీయకండి, మీటర్‌లోని ఫ్యూజ్ కొట్టేస్తుంది.

ఫ్యూజులన్నీ చల్లగా ఉన్నా బ్యాటరీ దిగుతోందా? డైనమో నుంచి బ్యాటరీకి వెళ్లే లావు వైరు ఈ చిన్న ఫ్యూజుల గుండా పోదు. పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, స్టార్ట్ చేయకముందు డైనమో మీద చెయ్యి వేసి చూడండి. ఇంజన్ చల్లగా ఉండి అదొక్కటే గోరువెచ్చగా తగిలితే లోపల కరెంటును వెనక్కి రానివ్వని డయోడ్ పోయిందని అనుమానించాలి. రిలేకు కూడా ఇదే చెయ్యి పరీక్ష. కానీ రిలే వెచ్చగా ఉంటే తప్పు రిలేది కాకపోవచ్చు, దాన్ని లేపి కూర్చోబెట్టిన స్విచ్‌దో, కంప్యూటర్ డబ్బాదో. కాంటాక్ట్‌లు అతుక్కుపోయిన రిలే వెచ్చబడకపోవచ్చు, దాన్ని స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా కొడితే ఒక్కోసారి వదులుతుంది.

అపోహ: బ్రేక్ తొక్కితే డ్యాష్‌బోర్డు వెలుగుతోంది, ఈసీయూ పోయింది.

తాళం జేబులో ఉంది, బ్రేక్ తొక్కితే పార్కింగ్ లైట్లు, మీటర్ లైట్లు వెలుగుతున్నాయి. దయ్యమేమీ కాదు. వెనక రెండు ఫిలమెంట్ల బల్బు ఉన్న బండి అయితే ముందు దాన్ని తీసి చూడండి. ఒక ఫిలమెంట్ తెగి రెండోదాని మీద పడి ఉంటుంది, లేదంటే హోల్డర్ ఎర్త్ తుప్పు పట్టి ఉంటుంది. బ్రేక్ లైను కరెంటు దారి దొరక్క పార్కింగ్ లైను గుండా వెనక్కి పోతుంది.

పుష్ బటన్ ఆటోమేటిక్ బండ్లలో ఇంకో తమాషా. బటన్ నొక్కితే ఇంజన్ ఆగుతుంది కానీ బండి ఆఫ్ కాకుండా ఏసీసీలోనే (ఇంజన్ ఆగినా స్టీరియో లాంటివి నడిచే స్థితి) ఉండిపోతుంది. గేర్ పీలో (పార్కింగ్) ఉందని చెప్పే చిన్న స్విచ్ పని చేయకపోతే బండికి ఆ సంగతి తెలియదు. ఒకదాంట్లో లివర్ కింద విప్పితే చాయ్ ఒలికి చక్కెర పాకంలా గట్టిపడి ఉంది.

అపోహ: స్టీరియో, డ్యాష్‌క్యామ్ షాపు వాళ్లే పెట్టారు, అక్కడ తప్పుండదు.

నేను మొదట అక్కడే చూస్తాను. స్టీరియోలో పసుపు వైరు మెమరీకి, ఎరుపు వైరు తాళం లైనుకు. తొందరలో రెండూ మెలిపెట్టి టేపు చుట్టేస్తే సెట్ ఎప్పటికీ పడుకోదు.

అపోహ: రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచితే బ్యాటరీ నిండుతుంది.

అర ఆంప్ దొంగతనం అంటే రోజుకు 12 ఆంపియర్ అవర్లు. డైనమో 20 ఆంప్స్ చొప్పున ఎక్కించినా ఐదు నిమిషాల్లో రెండు కూడా రావు. డైనమో చూద్దామని ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ మాత్రం ఎవరినీ పీకనివ్వకండి, వోల్టేజ్ ఎగిసి ఎలక్ట్రానిక్స్ కాలిపోవచ్చు.

నీళ్ల సంగతి వేరే. హైదరాబాద్ 2020 అక్టోబర్ వరదలో మునిగిన బండ్లు కొన్ని ఎండాక బాగానే నడిచాయి, నెలల తర్వాత వైర్లు కలిసే కప్లర్లలో పచ్చటి చిలుము పట్టి ఒక్కొక్కటిగా నా దగ్గరికి వచ్చాయి.

నాకు ఫోన్ చేసేముందు ఒక పని చేయండి. రాత్రి లాక్ చేసిన అరగంటకు లైట్లు లేని చోట బండి చుట్టూ ఒకసారి తిరగండి. గ్లవ్ బాక్స్‌లో, డిక్కీలో ఫోన్ వీడియో ఆన్ చేసి పెట్టి మూత వేయండి, లోపలి బల్బు ఆరిందో లేదో తెలిసిపోతుంది. డిక్కీ మూత వేసేటప్పుడు ఫోన్‌తో పాటు తాళం కూడా లోపల వదిలేయకండి. మా బావమరిది వదిలేశాడు.