ప్లగిన్ కనబడకపోతే పాడైనట్టేనా? అపోహలు - వాస్తవాలు

చెన్నై సాలిగ్రామంలో మా పాటల మిక్సింగ్ గదికి వచ్చేవాళ్లలో సగానికి సగం తెలుగువాళ్లే. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఇంట్లో కూర్చుని పాట కట్టుకుంటారు, హార్డ్‌డిస్క్ బ్యాగులో వేసుకుని రాత్రి రైలెక్కుతారు. పొద్దున్నే కింద కొట్లో కాఫీ తాగి, పైకొచ్చి సెషన్, అంటే ఆ పాట ప్రాజెక్టు ఫైలు, తెరుస్తాం. ఫలానా ఫలానా ప్లగిన్లు (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే ఎఫెక్టులు, వాయిద్యాల్లాంటి చిన్న సాఫ్ట్‌వేర్లు) దొరకలేదంటూ తెర మీద ఒక పెట్టె తెరుచుకుంటుంది. పక్క కుర్చీలోంచి ఎప్పుడూ వచ్చే మాటే వస్తుంది: "మా ఇంట్లో పనిచేసిందన్నా!"

పనిచేసే ఉంటుంది. అబద్ధమాడాల్సిన అవసరం అతనికేముంది? గొడవంతా ఆ మాట వెనకున్న నమ్మకాలతోనే. నాకు తరచూ ఎదురయ్యేవి కొన్ని రాస్తాను.

అపోహ: ప్లగిన్ ఒక రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తే అన్నిట్లోనూ పనిచేస్తుంది.

చెన్నైలో బీచ్-తాంబరం లైను మీటర్‌గేజిగా ఉన్న రోజులు గుర్తున్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. బ్రాడ్‌గేజి పెట్టె ఎంత మంచిదైనా ఆ పట్టాల మీదికి ఎక్కదు. ప్లగిన్లకీ అలాంటి గేజీలున్నాయి, వాటినే ఫార్మాట్లు అంటారు.

స్టైన్‌బర్గ్ కంపెనీ 1996లో తన రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ క్యూబేస్‌తో పాటు వీఎస్‌టీ ఫార్మాట్‌ని తెచ్చింది. యాపిల్‌ది ఏయూ, అది విండోస్‌లో ఉండదు. ప్రోటూల్స్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ది ఏఏఎక్స్. ప్రోటూల్స్ 10 దాకా నడిచిన ఆర్‌టాస్ అనే పాత ఫార్మాట్ ప్లగిన్లు 2013లో 11వ వెర్షన్ రాగానే ఆగిపోయాయి. ఇవాళ ప్రోటూల్స్ ఏఏఎక్స్‌ని తప్ప వేరే దేన్నీ తీసుకోదు, యాపిల్ వాళ్ల రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లాజిక్ ఏయూని తప్ప తీసుకోదు. రీపర్, ఏబుల్‌టన్ లైవ్ అనే సాఫ్ట్‌వేర్లు మ్యాక్ మీద వీఎస్‌టీ, ఏయూ రెండూ తీసుకుంటాయి. బ్లూ క్యాట్ ప్యాచ్‌వర్క్ లాంటి మధ్యవర్తులూ ఉన్నాయి. అది ఏఏఎక్స్‌గా ప్రోటూల్స్‌లోకి దూరి, తన పొట్టలో వీఎస్‌టీని నడిపిస్తుంది. అవసరానికి వాడుకోవచ్చు గానీ పాటంతా దాని మీదే కట్టొద్దు.

చాలామంది దగ్గర సమస్య ఇంకా చిన్నది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఏ ఫార్మాట్లు కావాలో టిక్కులు అడుగుతుంది. డిస్క్‌లో చోటు మిగుల్తుందని తమకి అక్కర్లేనివి తీసేస్తారు. ఆరు నెలల తర్వాత సాఫ్ట్‌వేర్ మార్చి, "ప్లగిన్ పోయింది" అని ఫోన్ చేస్తారు. మళ్లీ ఇన్‌స్టాలర్ నడిపి టిక్కు పెడితే ఐదు నిమిషాల పని.

అపోహ: సెషన్ ఇచ్చేస్తే పాట ఇచ్చినట్టే.

అన్నిట్లోకీ ఖరీదైన అపోహ ఇదే.

మొన్నామధ్య గుంటూరు కుర్రాడొకడు వచ్చాడు. మంచి ట్యూను, గొంతు కూడా బాగా పడింది. సెషన్ తెరిస్తే, ట్రాకుకి ప్లగిన్లు తగిలించే ఇన్సర్ట్ గడుల్లో వాటి పేర్లన్నీ పక్కకి వాలిన అక్షరాల్లో ఉన్నాయి. ప్రోటూల్స్‌లో అలా వాలి ఉంటే ఆ ప్లగిన్ పనిలో లేదని అర్థం. ప్లే నొక్కాం. రివర్బ్ (గదిలో మోగే ప్రతిధ్వని లాంటి ఎఫెక్ట్) లేక గొంతు బెంచీ మీద ఒంటరిగా కూర్చున్నట్టుంది. చరణంలో స్ట్రింగ్స్ రావాల్సిన చోట నిశ్శబ్దం. ట్రాక్ మీద మిడి గీతలు చక్కగా పరిగెడుతున్నాయి, శబ్దం మాత్రం లేదు. ఆ స్ట్రింగ్స్ మోగించే వాయిద్యం ప్లగిన్ వాళ్లింటి కంప్యూటర్లో ఉంది, నా దగ్గర లేదు. మిడి అంటే స్వరలిపి కాగితం లాంటిది. వాయించే మనిషి రైలెక్కకపోతే కాగితం పాడదు కదా.

సెషన్ ఫైల్లో ప్లగిన్ ఉండదు. ఏ ప్లగిన్ వాడారో చెప్పే గుర్తింపు, దాని మీటలు ఎక్కడెక్కడ తిప్పి ఉన్నాయో ఆ లెక్క, అంతవరకే ఉంటాయి. ఆ గుర్తింపున్న ప్లగిన్ నా కంప్యూటర్లో లేకపోతే లెక్క అలా నిద్రపోతుంది. చెడిపోదు. అందుకే ఆ వాలిన పేర్లని కంగారులో తీసేయకండి. ఇంటికెళ్లి తెరిస్తే మళ్లీ లేస్తాయి.

ఆ రోజు వాళ్ల తమ్ముడికి ఫోన్ చేసి, ఏ బటన్ నొక్కాలో ఒక్కొక్కటీ చెప్పి, స్ట్రింగ్స్‌ని ఆడియోగా ప్రింట్ చేయించి, అంటే మోగే శబ్దాన్నే ఫైలుగా తీయించి, నెట్‌లో పంపించుకున్నాం. మధ్యాహ్నం మూడయింది. స్టూడియో మీటరు తిరుగుతూనే ఉంది. అద్దె సగమే తీసుకున్నాను గానీ అతని మొహం చూసి నాకే బాధేసింది.

కాబట్టి బయల్దేరే ముందు ప్రతి ట్రాకునీ ఆడియోగా ప్రింట్ చేయండి. అన్నీ పాట మొదటి బిందువు నుంచే మొదలవ్వాలి, ముందు నిశ్శబ్దం ఉన్నా సరే. ఫైళ్లు 24 బిట్. సినిమాకైతే శాంపుల్ రేటు 48 కిలోహెర్ట్జ్. ఎఫెక్ట్ మీకు ప్రాణమైతే ఎఫెక్ట్‌తో ఒకటి, లేకుండా ఒకటి ఇవ్వండి. టెంపో ఎంతో ఒక టెక్స్ట్ ఫైల్లో రాయండి. సెషన్ కూడా ఇవ్వండి, కానీ దాన్నే నమ్ముకుని రావద్దు.

అపోహ: వీఎస్‌టీ3 వచ్చింది కాబట్టి పాత వీఎస్‌టీ2 తీసేయొచ్చు.

వీఎస్‌టీ3 వచ్చింది 2008లో. 2018లో స్టైన్‌బర్గ్ వీఎస్‌టీ2 ప్లగిన్ల తయారీ కిట్ ఇవ్వడం ఆపేసింది. 2022 జనవరిలో, రెండేళ్లలో తమ సాఫ్ట్‌వేర్లలోంచి కూడా దాన్ని తీసేస్తామంది. అంటే దారి ఎటో స్పష్టమే. అయితే చాలా సందర్భాల్లో ఒకే ప్లగిన్ వీఎస్‌టీ2 రూపానికీ వీఎస్‌టీ3 రూపానికీ గుర్తింపు వేరు. ఇంటిపేరు ఒకటే అయినా ఆధార్ నంబర్లు వేరన్నట్టు. తయారుచేసినవాళ్లు ముందే ఏర్పాటు చేసి ఉంటే కొన్ని సాఫ్ట్‌వేర్లు పాతదాని చోట కొత్తది పెట్టి తెరుస్తాయి. లేకపోతే పాత ప్రాజెక్టులో ఆ గడి ఖాళీయే. చేతిలో ఉన్న పాటలు పూర్తయ్యేదాకా పాతది ఉండనివ్వండి.

అపోహ: 64 బిట్ పెద్దది, 32 బిట్ చిన్నది, పెద్దదాంట్లో చిన్నది పడుతుంది.

గిన్నెల విషయంలో నిజమే. ఇక్కడ కాదు, ఇవి సాఫ్ట్‌వేర్ కోడ్‌లో రెండు వేర్వేరు రకాలు. 64 బిట్ సాఫ్ట్‌వేర్ లోపల 32 బిట్ ప్లగిన్ నేరుగా నడవదు. దాన్ని విడిగా నడిపించి మధ్యలో వంతెన వేయాలి. విండోస్‌లో రీపర్ ఆ వంతెన తనే వేస్తుంది. క్యూబేస్ 2016లో 9వ వెర్షన్‌తో 32 బిట్‌కి సెలవిచ్చింది. 2019లో మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ కాటలీనా వచ్చాక ఆ వైపు 32 బిట్ అన్న మాటే లేదు.

మా మూలన విండోస్ 7 కంప్యూటరొకటి ఉంది. నెట్ కనెక్షన్ ఇవ్వం, అప్‌డేట్ చేయం, పిల్లలు దాన్ని తాతగారి పెట్టె అంటారు. ఇప్పుడెవరూ తయారుచేయని ఒక 32 బిట్ రివర్బ్ కోసం ఉంచాను. వేణువుని అందులోంచి పంపించి, ఆడియోగా తీసుకుని, మళ్లీ ఆపేస్తాను.

అపోహ: కొత్త మ్యాక్ కొంటే పాతవన్నీ ఇంకా వేగంగా నడుస్తాయి.

2020 నవంబరులో యాపిల్ సొంత చిప్ ఎం1 వచ్చినప్పటి నుంచీ మ్యాక్‌లో రెండు రకాల కోడ్ తిరుగుతోంది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త చిప్ కోసం రాసిన రూపంలో తెరిస్తే, ఇంటెల్ చిప్ కోసం రాసిన పాత వీఎస్‌టీలు మామూలుగా కనబడవు. ఫైండర్‌లో ఆ సాఫ్ట్‌వేర్ 'గెట్ ఇన్ఫో' తెరిచి రోసెటాతో (ఇంటెల్ కోడ్‌ని కొత్త చిప్‌కి అనువదించే యాపిల్ సాఫ్ట్‌వేర్) తెరవమని టిక్ పెడితే కనబడతాయి, కాకపోతే కొంత వేగం పోతుంది. లాజిక్ కాస్త వేరు, ఇంటెల్ ఏయూలని పక్కన విడిగా నడిపించుకుంటుంది. ఇదీ శాశ్వతం కాదు. రోసెటా ఇప్పుడున్న రూపంలో మ్యాక్ఓఎస్ 27 వరకేనని యాపిల్ 2025లో చెప్పేసింది.

అపోహ: ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసేవాడే జాగ్రత్తపరుడు.

ఫోన్లో బ్యాంకు యాప్‌కి అవును. నడుస్తున్న ప్రాజెక్టు మధ్యలో కాదు. ఈ తప్పు నేనూ చేశాను. సింగర్ వచ్చే ముందు రోజు రాత్రి ఖాళీగా ఉన్నానని ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ నొక్కాను. పొద్దున లైసెన్స్ చూసే సాఫ్ట్‌వేర్ పాతదైపోయింది, డబ్బు పెట్టి కొన్న ప్లగిన్లే నన్ను "నువ్వెవరు" అన్నాయి. ఆవిడ గంటన్నర సోఫాలో కూర్చుని కాఫీ తాగారు. ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. ఇప్పుడు పాట అప్పగించాకే, డిస్క్ మొత్తం నకలు తీసుకున్నాకే, ప్రతి ప్లగిన్ కంపెనీ "ఈ సిస్టమ్‌లో పరీక్షించాం" అని రాసిందో లేదో చూశాకే నొక్కుతాను.

అపోహ: స్కాన్‌లో ఫెయిలైతే ప్లగిన్ పాడైనట్టు.

స్కాన్ అంటే సాఫ్ట్‌వేర్ ప్లగిన్లని వెతికి పరీక్షించుకోవడం. అందులో ఫెయిలైనా చాలాసార్లు పాడైనట్టు కాదు. సాఫ్ట్‌వేర్ పాత ఫలితాన్నే గుర్తుపెట్టుకుని ఉంటుంది. లాజిక్‌లో ప్లగిన్ మేనేజర్ తెరిచి ఆ ఒక్కదాన్నీ మళ్లీ స్కాన్ చేయించండి. విండోస్‌లో వీఎస్‌టీ3కి నిర్ణీత ఫోల్డరుంది, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కామన్ ఫైల్స్ లోపల. వీఎస్‌టీ2కి అలాంటి ఒక్క చోటు లేదు, ఎక్కడ పెట్టారో మీరే చూపించాలి. క్రాక్ కాపీ అయితే నన్నడగొద్దు.

అపోహ: టక్‌టక్ మంటోందంటే ప్లగిన్‌కీ సాఫ్ట్‌వేర్‌కీ పడటం లేదు.

ముందు బఫర్ చూడండి, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో లెక్కకట్టే శబ్దం ముక్క సైజు. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపుల్స్ అంటే 2.7 మిల్లీసెకన్లు, 1024 అంటే 21. పాడించేటప్పుడు ఆలస్యం రాకుండా చిన్నది, మిక్సింగ్‌లో టక్‌టక్ రాకుండా పెద్దది. అంతే.

ఆ గుంటూరు కుర్రాడి రెండో పాట పోయిన వారం వచ్చింది. అన్నీ ఆడియో ఫైళ్లే, అన్నీ ఒకే చోట మొదలు, పక్కన టెక్స్ట్ ఫైల్లో టెంపో 92. స్ట్రింగ్స్ మాత్రం స్టీరియో బదులు మోనోలో ప్రింట్ చేశాడు. తమ్ముడికి మళ్లీ ఫోన్ చేశాం.