సరస్సు అడుగున మిగిలిన చేపలు

వేసవి ముదిరేసరికి శ్రీకాకుళం పల్లెల్లో చెరువుల నీరు నడుమకు కుంచించుకుపోయి, గట్టు పక్కన బురద పలకలు పలకలుగా బీటలు వారుతుంది. ఆ బీటల్లో చచ్చిన పరక చేపలు కనిపిస్తాయి. కాకులు, కొంగలు, పీతలు, చీమలు తమ వంతు తీసుకున్నాక రెండు మూడు రోజులకల్లా అక్కడ నాలుగు పొలుసులు, ఒకటో రెండో ముళ్లు మిగులుతాయి. తొలకరికి అవీ చెదిరిపోతాయి. ఒక చేప తల నుంచి తోక దాకా చెక్కుచెదరకుండా కోట్ల ఏళ్లు నిలవడం ఎంత అరుదైన సంగతో ఆ బురద పక్కన నిలబడి చూస్తే అర్థమవుతుంది.

వెచ్చని, లోతు తక్కువ నీటిలో చచ్చిన చేప కడుపులో కుళ్లు వల్ల వాయువు చేరి, శరీరం ఉబ్బి పైకి తేలుతుంది. అలా తేలుతూ పోతున్నప్పుడే దవడ, తల ఎముకలు, రెక్కలు ఒక్కొక్కటిగా విడిపోయి తలోచోట రాలిపోతాయి. అదే లోతైన సరస్సులో అయితే, పైనున్న నీటి బరువుకు ఆ వాయువు అణిగిపోయి చేప అడుగునే ఉండిపోతుంది. ఆ అడుగునీటిలో ప్రాణవాయువు కూడా లేకపోతే పురుగులు, నత్తలు, పీతలు అక్కడ బతకలేవు కనుక, చేపను కదిపేవి గానీ బురదను కలియబెట్టేవి గానీ ఉండవు. ఒక కాలంలో తెల్లని సున్నపు పొర, మరో కాలంలో నల్లని బంకమట్టి పొర దానిమీద కాగితం మందాన పేరుకుంటాయి. చేప ఎముక ఎంత గట్టిదన్నది ముఖ్యమే గానీ, సరస్సు అడుగు ఎంత నిశ్చలంగా ఉందన్నదే అంతకంటే ముఖ్యమని నా అభిప్రాయం.

ఇందుకు బాగా పేరుపడ్డ ఉదాహరణ అమెరికాలోని వ్యోమింగ్ రాష్ట్రంలో, గ్రీన్ రివర్ శిలల్లో ఉంది. సుమారు 5 కోట్ల 20 లక్షల ఏళ్ల కిందటి ఒక సరస్సు అడుగు అక్కడ ఇప్పుడు పలకరాయిగా ఉంది. ఆ పలకను ఉలితో చీల్చితే నైటియా అనే జానెడైనా లేని చేప గోధుమరంగులో, వెన్నుపూసలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా బయటపడుతుంది. కొన్ని పలకల మీద ఇవి గుంపులు గుంపులుగా చచ్చి పడి ఉంటాయి. మింగబోయిన చేప గొంతులో ఇరుక్కుని, తిన్నదీ తినబడేదీ కలిసే రాయైపోయిన పలకలూ దొరికాయి.

అంత దూరం పోకుండా మన గోదావరి వైపు చూసినా ఈ కథ ఉంది, నన్ను ఎక్కువగా ఆకట్టుకునేదీ అదే. ప్రాణహిత ఒడ్డున కోట అనే పల్లె పేరుతో పిలిచే సున్నపురాతి పొరల్లో, జురాసిక్ కాలపు లెపిడోటిస్ చేపలు దొరికాయి. వాటి పొలుసులు మన బొచ్చె పొలుసుల్లా పలుచగా వంగేవి కావు; పింగాణీ పెంకులు పేర్చినట్టు మందంగా, నిగనిగలాడుతూ ఉంటాయి. అంతకంటే పాతవి, 20 కోట్ల ఏళ్లకు పైబడినవి, పాత ఆదిలాబాద్ జిల్లాలోని మలేరి ఎర్రమట్టి పొరలు. అక్కడ పూర్తి చేపలకు బదులు గట్లు తేలిన పళ్లపలకలు దొరికాయి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు తొలి అధిపతి అయిన థామస్ ఓల్డ్‌హామ్ 1859లో వీటిని వివరిస్తూ సెరటోడస్ అనే చేపవిగా రాశారు. అప్పటికి సెరటోడస్ అంటే శిలాజ దంతాల వల్ల మాత్రమే తెలిసిన పేరు. 1870లో ఆస్ట్రేలియా నదుల్లో బతికి ఉన్న ఒక ఊపిరితిత్తుల చేపను ప్రకృతి శాస్త్రవేత్త గెరార్డ్ క్రెఫ్ట్ వర్ణించినప్పుడు, దాని నోట్లో అచ్చం అలాంటి పళ్లే కనిపించడంతో ఆయన దానికీ సెరటోడస్ పేరే పెట్టారు. ఈ చేపల అస్థిపంజరంలో చాలా భాగం మృదులాస్థి కాబట్టి అది కుళ్లిపోయి, పళ్లు మాత్రం నిలిచాయి. నేడు ఊపిరితిత్తుల చేపలు ఆస్ట్రేలియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో తప్ప మరెక్కడా లేవు. మన నీళ్లలో ఒకప్పుడు ఉండేవనడానికి ఆ పళ్లే సాక్ష్యం.

సరస్సు పొరలకు సముద్రపు పొరల్లో అరుదుగా దొరికే మరో గుణం ఉంది: ఏడాదికో జత చొప్పున వాటిని లెక్కపెట్టవచ్చు. అమెరికాలోని నెవాడాలో సుమారు కోటి ఏళ్ల కిందటి ఒక సరస్సు అడుగున, డయాటమ్ అనే సూక్ష్మ శైవలాల గాజు పెంకులు తెల్లని సుద్దలా పేరుకున్నాయి. ఆ పొరల్లోని స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేపలను శాస్త్రవేత్త మైకేల్ బెల్, ఆయన సహచరులు పొర తర్వాత పొరగా తీసి కొలిచారు. మొదట వెన్నుమీద, పొట్టకింద బలమైన ముళ్లున్న చేపలు వస్తాయి. కొన్ని వేల ఏళ్ల పొరలు దాటేసరికి ఆ ముళ్లు తగ్గిపోతూ వస్తాయి. పరిణామం మామూలుగా శిలాజాల్లో లక్షల ఏళ్ల ఖాళీలతో, పుటలు చిరిగిన పుస్తకంలా కనబడుతుంది. ఇక్కడ మాత్రం తరాల లెక్కన నడుస్తూ కనబడుతుంది.

మరి మన విజయనగరం, శ్రీకాకుళం కొండల్లో చేప శిలాజాలు ఎందుకు ఉండవు? ఈ కొండల్లో ఎక్కువ భాగం ఖోండలైట్ రాయి. ఖోండు గిరిజనుల పేరు మీద భూవిజ్ఞాని టి. ఎల్. వాకర్ 1902లో దానికా పేరు పెట్టారు. విరిగిన ముక్కను ఎండలో తిప్పి చూస్తే ఎర్రని గార్నెట్ గింజలు దానిమ్మ గింజల్లా మెరుస్తాయి. విచిత్రమేమంటే ఈ రాయి కూడా ఒకప్పుడు నీటి అడుగు బురదే. భూమి లోపలికి కిలోమీటర్ల లోతుకు కుంగి, సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట విపరీతమైన వేడికి, ఒత్తిడికి మగ్గి, తన పొరల గుర్తులన్నీ పోగొట్టుకుంది. తొలి చేపలు పుట్టింది 50 కోట్ల ఏళ్లకు కాస్త ముందు. కాబట్టి ఆ బురద పేరుకున్ననాటికి దాచుకోవడానికి అసలు చేపే లేదు.

అయితే శిలాజం రాయి కానక్కర్లేదు. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు గత మంచుయుగం చివర్లో ఎండిపోయి మళ్లీ నిండింది. ఆ తర్వాత అందులో సిక్లిడ్ అనే చేపల్లో 500 వరకు జాతులు ఏర్పడిన తీరును తెలుసుకోవడానికి, శాస్త్రవేత్తలు గొట్టాలు దింపి మెత్తని బురద స్తంభాలను పైకి తీసి, జల్లించి, అందులోని ఇసుక రేణువంత చేప పళ్లను సూక్ష్మదర్శిని కింద వేరు చేస్తున్నారు. మన తేలినీలాపురం పక్షులు మేతకు దిగే తంపరల్లో, సోంపేట బీల అనే చిత్తడినేలలో ఉన్న నల్లబురద మీద ఇలాంటి పని చేయాలని నాకెంతో కోరిక. లోతు తక్కువ, పైగా పీతలు, ఎడ్ల గిట్టలు కలియబెట్టే బురద కనుక పూర్తి చేప దొరకదు. అయినా కొర్రమీను పన్ను, జెల్ల రెక్కముల్లు, చేప చెవిలోపల పెరిగే సున్నపు రాయి వంటివి మిగిలే అవకాశం ఉంది. ఆ చెవిరాయిని అడ్డంగా కోసి చూస్తే చెట్టు మానులో ఉన్నట్టే వలయాలుంటాయి. చేప ఎన్నేళ్లు బతికిందో, ఏ ఏడు బాగా ఎదిగిందో వాటిని బట్టి చెప్పవచ్చు.