పంతుళ్లిద్దరూ ఒకేలా మార్కులేస్తే

"మావాడికి ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఎరుపూ పచ్చా చక్కగా తెలుస్తాయి. మరి మెడికల్లో కలర్ బ్లైండ్ అని ఎందుకు తీసేశారు?" ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) రాతపరీక్ష గట్టెక్కి, ఎస్సెస్‌బీ అనే అధికారుల ఎంపిక ఇంటర్వ్యూ ఐదు రోజులూ నెగ్గుకొచ్చిన పిల్లల ఇళ్లలో వినబడే ప్రశ్న ఇది. జవాబు ఆ సిగ్నల్ స్తంభంలోనే ఉంది. అక్కడ ఎరుపు ఎప్పుడూ పైన, పచ్చ ఎప్పుడూ కింద. కుర్రాడు చదువుతున్నది రంగును కాదు, చోటును. రాత్రి ఆకాశంలో ఆ వెసులుబాటు ఉండదు. విమానం ఎడమ రెక్క కొసన ఎరుపు దీపం, కుడి రెక్క కొసన పచ్చ, తోకన తెలుపు. కుడివైపు ఎరుపు, ఎడమవైపు పచ్చ కనబడ్డాయంటే అది మనకు ఎదురొస్తోంది. తెలుపు ఒక్కటే కనబడితే అవతలికి పోతోంది. ఆ పచ్చదీపమే తెల్లగా కనబడే కళ్లు ఉన్నాయి. చిక్కంతా అక్కడే.

కంటి లోపలి పొరలో రంగులు చూపించే కోన్ కణాలున్నాయని బడిలో చెబుతారు. ఏ కోన్ కణానికీ రంగంటే ఏమిటో తెలియదని మాత్రం చెప్పరు. తనకెంత వెలుగు పట్టిందో అంతవరకే అది చెప్పగలదు. మరి రంగెలా తెలుస్తుంది? ఒకే జవాబుపత్రాన్ని ఇద్దరు పంతుళ్లు దిద్దుతున్నారనుకోండి. ఒకాయనకు లెక్కలంటే ప్రాణం, ఇంకొకాయనకు తెలుగంటే. లెక్కల పంతులు అరవై వేశాడని మాత్రమే తెలిస్తే, పిల్లవాడు లెక్కలు కొంచెం రాశాడో, తెలుగు బోలెడు రాశాడో చెప్పలేం. ఇద్దరి మార్కులూ చేతికొస్తే రెండు సంగతులు తేలతాయి. కూడితే ఎంత రాశాడో తెలుస్తుంది, తీసివేస్తే ఏది రాశాడో తెలుస్తుంది. కూడిక వెలుగు. తీసివేత రంగు.

కంట్లో ఆ ఇద్దరు పంతుళ్లు ఎల్ (ఎరుపు), ఎం (పచ్చ) కోన్‌లు. వెలుగు అల పొడవు 560 నానోమీటర్ల దగ్గర ఎల్ కోన్ బాగా స్పందిస్తుంది, 530 దగ్గర ఎం కోన్. ఎరుపు-పచ్చల తేడా అంతా ఈ ముప్ఫై నానోమీటర్ల ఎడంలోనే ఉంది. (నీలం కోన్ జన్యువు ఏడో క్రోమోజోములో వేరేగా ఉంది, దాని జోలికి పోవద్దు.) ఎల్, ఎం జన్యువులు ఎక్స్ క్రోమోజోము చివర పక్కపక్కనే ఉంటాయి. వీటి ప్రొటీన్లలో ఒక్కోదానికి 364 అమైనో ఆమ్లాలు. రెంటికీ తేడా పదిహేను చోట్ల, అందులోనూ అసలు పని 180, 277, 285 స్థానాలదే. ఇంత పోలిక ఉండటంతో, అండం తయారయ్యేటప్పుడు రెండు క్రోమోజోములు ఒక అడుగు తప్పి జతపడి ముక్కలు మార్చుకుంటాయి. ఫలితంగా ఒక పంతులు ఉద్యోగమే పోతుంది, లేదా ఆయన కుర్చీలో రెండో ఆయన తమ్ముడు వచ్చి కూర్చుంటాడు. తమ్ముడికీ అన్న అభిరుచులే. ఇద్దరి మార్కులూ దాదాపు ఒకటే, తీసివేస్తే మిగిలేది సున్నాకు దగ్గర. ఎక్కువమందిలో ఉండేది ఈ తమ్ముడి రకమే. అందుకే "కలర్ బ్లైండ్" అన్న మాట తప్పుదారి పట్టిస్తుంది. వీళ్లకు లోకం నలుపు-తెలుపుల్లో కనబడదు.

మగవాడికి ఎక్స్ ఒక్కటే, అదీ తల్లి ఇచ్చిందే. మేనమామ పోలిక అంటామే, ఇక్కడ అది అక్షరాలా నిజం. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్లలో వందకు ఎనిమిదిమందికి, ఆడవాళ్లలో రెండువందలకు ఒకరికి ఈ లోపముంది. మన దేశంలో అంతకన్నా తక్కువ. గ్రహణంనాటి దోషాలకూ దీనికీ ఏ సంబంధమూ లేదు.

జపాన్ సైన్యంలో వైద్యుడైన షినోబు ఇషిహారా 1917లో తెచ్చిన చుక్కల ప్లేట్లలోని తెలివంతా కూడికను చెడగొట్టడంలోనే ఉంది. చుక్కల సైజూ మెరుపూ కావాలనే ఇష్టమొచ్చినట్టు మార్చాడు. కాబట్టి వెలుగు తేడా పట్టుకుని అంకె చదవడం కుదరదు, తీసివేత వచ్చి తీరాలి. మొదటి ప్లేటులో 12 అందరికీ కనబడుతుంది. అదీ కనబడలేదన్నవాడు నటిస్తున్నాడేమో చూడాలి. రెండో ప్లేటులోని 8 లోపమున్నవాళ్లకు 3గా కనబడుతుంది. 26 ఉన్న ప్లేటులో 6 మాత్రమే బాగా కనబడితే ఎరుపు కోన్‌లో లోపం, 2 మాత్రమే కనబడితే పచ్చ కోన్‌లో. 38 ప్లేట్ల పుస్తకంలో మొదటి 21లో 17 సరిగ్గా చదివితే చాలు. పుస్తకం 75 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, ప్లేటుకు మూడు సెకన్లు, పగటి వెలుగు. పసుపు బల్బు కింద గానీ ఫోన్ తెరమీద గానీ చూసుకున్న ఫలితాన్ని నమ్మొద్దు.

ప్లేట్లు బట్టీపట్టి వెళ్లేవాళ్లున్నారు. వాళ్లను పట్టిచ్చేది మార్టిన్ లాంతరు. వైమానిక దళంలో ఫ్లయింగ్ బ్రాంచికి కావలసిన సీపీ-1 (సీపీ అంటే కలర్ పర్సెప్షన్, రంగుల చూపు స్థాయి) అంటే ఇదే: చీకటి గదిలో ఆరు మీటర్ల దూరాన, చిన్న రంధ్రాల్లోంచి జంటగా వచ్చే ఎరుపు, పచ్చ, తెలుపు దీపాలను గుర్తుపట్టడం. సీపీ-3కి ఒకటిన్నర మీటర్ల దూరం చాలు. రంధ్రం చిన్నదైతే ఏమవుతుంది? జవాబుపత్రం రెండు వాక్యాలకు కుదించుకుపోతుంది. నిండు పేజీమీద అన్నదమ్ముల మధ్య కాస్తో కూస్తో తేలే తేడా రెండు వాక్యాలమీద తేలదు.

దిగే విమానానికి ఎత్తు సరిగ్గా ఉందో లేదో చెప్పే, రన్‌వే పక్కనుండే పాపీ దీపాలూ అచ్చం ఇలాంటి చుక్కలే. వరసగా నాలుగు. రెండు తెలుపు, రెండు ఎరుపు కనబడితే దిగే కోణం సరిగ్గా ఉంది, మామూలుగా అది మూడు డిగ్రీలు. నాలుగూ తెలుపైతే మరీ ఎత్తులో ఉన్నాం, నాలుగూ ఎరుపైతే మరీ కింద. 2002 జులై 26న అమెరికాలోని టలహాసీలో ఫెడెక్స్ 1478 సరుకుల విమానం తెల్లవారకముందే రన్‌వేకి ఇవతల చెట్లలో కూలింది. ముగ్గురూ బతికారు. విమానాన్ని దింపుతున్న ఫస్ట్ ఆఫీసర్ అంతకుముందు అమెరికా నౌకాదళంలో పైలట్. ఆయన రంగుల చూపు లోపాన్ని దర్యాప్తు సంస్థ కారణాల్లో చేర్చింది. అలసటను, నిబంధనలు పాటించకపోవడాన్ని కూడా చేర్చింది. మిగతా ఇద్దరూ దీపాల హెచ్చరికను పట్టించుకోలేదు మరి.

ఇక కళ్లజోళ్లు. రంగుల లోపానికని అమ్మే అద్దాలు, పంతుళ్లిద్దరూ ఒకేలా మార్కులేసే ప్రశ్నలను పేపర్లోంచి కొట్టేస్తాయి. అన్నదమ్ములున్నచోట దానివల్ల తేడా కాస్త పెరుగుతుంది. ఉన్నదే ఒక్క పంతులైతే ఎన్ని ప్రశ్నలు కొట్టేసినా ఒకటే. ఎర్రటి కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుంటే పచ్చచుక్కలు నల్లబడి ప్లేటు చదవడం కుదురుతుంది. అది దొంగదారిన తెచ్చుకున్న కూడికే. లాంతరు ముందు అదే లెన్స్ పచ్చదీపాన్ని మింగేస్తుంది. కంటిని పెద్దది చేసి చూపే స్లిట్ లాంప్ కింద లెన్స్ అంచు డాక్టరుకు ఇట్టే దొరికిపోతుంది. క్యారెట్లు, కంటి వ్యాయామాలు, చుక్కలమందులు జన్యువును మార్చలేవు. 2009లో స్క్విరెల్ కోతుల కంట్లోకి లేని జన్యువును పంపితే ఎరుపు-పచ్చలు వేరుచేసి చూడగలిగాయి. మనుషులకు అలాంటి చికిత్స ఇంకా వాడుకలోకి రాలేదు.

మెడికల్లో చెవిలో గులిమి ఉందంటే తీయించుకోవచ్చు, బరువు ఎక్కువైతే తగ్గించుకోవచ్చు. దీన్ని తగ్గించుకోలేం. అప్పీలు చేసుకునే వీలుంది, కానీ అక్కడా అదే పరీక్ష. దుండిగల్ అకాడమీ కలలతో కోచింగుకు డబ్బు కట్టకముందే, పదో తరగతిలోనే, కంటి ఆసుపత్రికి వెళ్లి "ఇషిహారా పుస్తకంతో చూడండి" అని అడిగితే చాలు, ఐదు నిమిషాల పని. తేడా బయటపడితే నోటిఫికేషన్లో ప్రతి శాఖ ఎదుటా సీపీ పక్కనున్న అంకె చూడండి. ఒకటి కాకుండా మూడు అడిగే శాఖలుంటే, ఒకటిన్నర మీటర్ల దగ్గర లాంతరు ఎలా కనబడుతుందో కూడా అప్పుడే పరీక్ష చేయించుకోవాలి.