కస్టమ్స్ విచారణకు రమ్మన్నారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో దిగుమతి వ్యాపారుల కస్టమ్స్ కేసులు చాలా ఏళ్లుగా చూస్తున్నాను. ఎక్కువమంది నా దగ్గరికి విచారణ అయిపోయాకే వస్తారు. స్టేట్‌మెంట్ మీద సంతకం పెట్టేసి, రెండు మూడు వారాలు నిద్రపట్టక, అప్పుడు ఫోన్ చేస్తారు. వెళ్లే ముందు రోజు ఒక గంట మాట్లాడి ఉంటే ఎంత బాగుండేదో అని ప్రతిసారీ బాధేస్తుంది.

అపోహ: "ఊరికే మాట్లాడదాం రమ్మని ఫోన్ చేశారు. రాతకోతలేం ఉండవు."

వాస్తవం: ఫోన్ వచ్చినంత మాత్రాన వెళ్లి తీరాలని చట్టంలో లేదు. "సమన్స్ పంపండి సార్, తప్పకుండా వస్తాను" అని మర్యాదగా అడగొచ్చు. మీ అంతట మీరే వెళ్లినా, అక్కడే సమన్స్ చేతికిచ్చి 1962 కస్టమ్స్ చట్టం 108వ సెక్షన్ కింద స్టేట్‌మెంట్ తీసుకోవచ్చు. అప్పుడిక అది మాటామంతీ కాదు. నిజమే చెప్పాలి, అబద్ధం చెబితే తప్పుడు సాక్ష్యం కింద కేసు పెట్టొచ్చు. ఈ సమన్స్ ఇచ్చే అధికారం గెజిటెడ్ ఆఫీసర్లకే ఉంది. ఇన్‌స్పెక్టర్ గెజిటెడ్ కాదు, సూపరింటెండెంట్ గెజిటెడ్. కాగితం మీద సంతకం ఎవరిదో చూసుకోండి.

సమన్స్ అందాక వెళ్లకుండా ఊరుకోవడం మాత్రం తప్పే. ఒంట్లో బాగోలేకపోయినా, ఇంట్లో పెళ్లి ఉన్నా ఉత్తరం రాసి వేరే తేదీ అడగండి. ఆ ఉత్తరం అందినట్టు ముద్ర వేయించుకోండి.

అపోహ: "పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. ఇదీ అంతే."

వాస్తవం: అందరూ దెబ్బతినేది ఇక్కడే. కస్టమ్స్ అధికారులు పోలీసులు కారని సుప్రీంకోర్టు 1968లోనే రమేశ్ చంద్ర మెహతా కేసులో తేల్చింది. వాళ్ల ముందు చెప్పింది రేపు మీ మీదే సాక్ష్యం కావచ్చు. ఆ దశలో మీరు నిందితులు కారు కాబట్టి, తనకు వ్యతిరేకంగా తాను సాక్ష్యం చెప్పక్కర్లేదన్న రాజ్యాంగ రక్షణ కూడా అప్పటికి వర్తించదు. అధికారుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదన్న 2020 నాటి తోఫాన్ సింగ్ తీర్పు చూపించి నాతో వాదించేవాళ్లున్నారు. అది మాదకద్రవ్యాల చట్టం కింద ఇచ్చిన ఒప్పుకోళ్ల గురించి, కస్టమ్స్ చట్టం గురించి కాదు.

ఒక చిన్న సంగతి చెబుతాను. ఎల్ఈడీ లైట్ల విడిభాగాలు తెప్పించే ఒకాయన. ఇంగ్లిష్ అంతంతమాత్రం. ప్రశ్న తెలుగులోనే అడిగారు: "ఇన్వాయిస్‌లో రేటు తక్కువ చూపించినట్టు మీకు తెలుసా?" ఈయన అలవాటుగా "ఆఁ... అవునండి" అన్నాడు. మనం అవతలివాళ్ల మాట వింటున్నామని చెప్పడానికి అంటామే, ఆ అవునండి. కంప్యూటర్‌లో మాత్రం పద్నాలుగో ప్రశ్నకు జవాబుగా "అవును, నాకు తెలుసు" అని ఇంగ్లిష్‌లో ఎక్కింది. రాత్రి తొమ్మిది దాటింది, ఇంటికెళ్తే చాలనుకున్నాడు, పదకొండు పేజీల మీదా గబగబా సంతకాలు పెట్టాడు.

అందుకని నా దగ్గరికి ముందే వచ్చినవాళ్లకు మొదట చెప్పేది ఇదే. ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగండి, ఊఁ కొట్టకండి. తెలిసింది తెలిసినట్టు చెప్పండి. తెలియనిది తెలియదనండి, అది అబద్ధం కాదు. "ఉండొచ్చండి", "అయ్యుంటుందండి" అనే మాటలు ఆ గదిలో వద్దు. లెక్కలు గుర్తు లేకపోతే "రికార్డు చూసి చెబుతాను" అనండి, అదే మాట రాయమనండి. జవాబులు తెలుగులో మీ చేత్తో రాస్తానని అడగొచ్చు. ఇంగ్లిష్‌లోనే టైప్ చేస్తే, తెలుగులో చదివి వినిపించమనండి. తప్పుంటే కొట్టేసి, దిద్ది, పక్కన సంతకం పెట్టండి. చదవకుండా ఒక్క పేజీ మీదా సంతకం వద్దు, ఎంత రాత్రయినా సరే.

అపోహ: "లాయర్ పక్కన కూర్చుని జవాబులు చెప్పిస్తాడు." దీనికి ఎదురు ఇంకోటి: "లాయర్‌ని తీసుకెళ్తే తప్పు ఒప్పుకున్నట్టే."

వాస్తవం: రెండూ తప్పే. విచారణలో లాయర్ పక్కన కూర్చోవడం హక్కు కాదని 1992లో పూల్‌పాండి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ లాయర్ కనిపించేంత దూరంలో, మాటలు వినిపించనంత దూరంలో ఉండేలా కోర్టులు కొన్ని కేసుల్లో అనుమతించాయి. కావాలంటే ముందుగానే రాతపూర్వకంగా అడగాలి.

అపోహ: "సమన్స్ వచ్చిందంటే అరెస్టే."

వాస్తవం: సమన్స్ సాక్షులకూ వస్తుంది. అకౌంటెంట్‌కి, లారీ డ్రైవర్‌కి, కస్టమ్స్ బ్రోకర్‌కి కూడా. అరెస్టు చేయాలంటే నేరం జరిగిందని నమ్మడానికి ఆధారం ఉండాలి, కారణాలు తెలియజేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. 2025 ఫిబ్రవరిలో రాధికా అగర్వాల్ తీర్పులో సుప్రీంకోర్టు ఈ రక్షణలను కస్టమ్స్ అరెస్టులకూ గట్టిగా వర్తింపజేసింది. లోపలికి వెళ్లిన టైమ్, బయటికి వచ్చిన టైమ్ రాసిపెట్టుకోండి.

అపోహ: "అక్కడే డబ్బు కట్టేస్తే కేసు అయిపోతుంది."

వాస్తవం: సుంకం కట్టడం వేరు, కేసు ముగియడం వేరు. షోకాజ్ నోటీసు (ఈ సుంకం మీ దగ్గర ఎందుకు వసూలు చేయకూడదో చెప్పమనే నోటీసు) వచ్చాక 30 రోజుల్లో సుంకం, వడ్డీ, సుంకంలో 15 శాతం జరిమానా కడితే ఆ వసూలు వ్యవహారం ముగిసే వీలు 28వ సెక్షన్‌లో ఉంది. అయినా ప్రాసిక్యూషన్, అంటే కోర్టులో క్రిమినల్ కేసు నడిపే అధికారం మిగిలే ఉంటుంది. మీకు అభ్యంతరం ఉండి కూడా కట్టాల్సి వస్తే, అభ్యంతరంతోనే కడుతున్నానని ఉత్తరం ఇవ్వండి. కట్టేది చలానా ద్వారానే. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని "డిజిటల్ అరెస్ట్" అంటూ డబ్బు పంపమనేవాడు కస్టమ్స్ ఆఫీసర్ కాడు. ఫోన్ పెట్టేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.

అపోహ: "వాట్సాప్ చాట్‌లు తీసేస్తే సరి."

వాస్తవం: సప్లయర్ ఫోన్‌లో, బ్రోకర్ ఫోన్‌లో అవి ఉంటాయి. తీసేసిన చేయి మీదని తేలితే మిగతా నిజాలు కూడా ఎవరూ నమ్మరు. దాని బదులు ముందు రోజు కూర్చుని ఒక్కో కన్‌సైన్‌మెంట్‌కి బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కి ఇచ్చే పత్రం), ఇన్వాయిస్, బ్యాంకు చెల్లింపు పక్కపక్కన పెట్టుకోండి. ఎక్కడ తేడా ఉందో మీకు ముందే తెలియాలి.

అపోహ: "సంతకం పెట్టాక ఇంకేం చేయలేం."

వాస్తవం: బెదిరించో ఆశపెట్టో రాయించుకున్నది చెల్లదు, కానీ అలా జరిగిందని మీరు వెంటనే చెప్పాలి. ఆర్నెల్ల తర్వాత నోటీసు వచ్చాక చెబితే లాయర్ నేర్పిన మాట అంటారు. వెనక్కి తీసుకున్న స్టేట్‌మెంట్‌ని కూడా స్వచ్ఛందంగా ఇచ్చిందని తేలితే కోర్టు చూడొచ్చు, అప్పుడు దాన్ని బలపరిచే వేరే ఆధారాల కోసం వెతుకుతుంది. స్టేట్‌మెంట్ కాపీ సాధారణంగా ఆ రోజే ఇవ్వరు. అందుకే ఇంటికొచ్చాక భోంచేసి పడుకునే ముందు, ఏం అడిగారో, ఏం చెప్పారో గుర్తున్నంతా రాసిపెట్టండి.

ఎల్ఈడీ ఆయన అదృష్టం, భార్య ఆ రాత్రే ఆయన చేత అంతా రాయించింది. పద్నాలుగో ప్రశ్న దగ్గర ఆయన రాసింది ఇది: "నేను అవునండి అన్నాను. తెలుసు అనలేదు." మర్నాడు పొద్దున్నే ఆ కాగితం చూసి, అదే మాటతో అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాం.